శాకాహారి అత్తయ్యగారు, పచ్చి చేప తినని మావయ్యగారు, నాలుగేళ్ళ పాప: టోక్యోలో పేట సుషి హోటల్‌కి వెళ్తే ఏం ఆర్డర్ చేయాలి?

పారిజాతం (ప్రశ్న)

నమస్కారమండీ. మేం నిషి కసాయ్‌లో ఉంటాం. కాకినాడ నుంచి అత్తయ్యగారు, మావయ్యగారు వచ్చారు. వచ్చే శనివారం మావారి పుట్టినరోజు. స్టేషన్ దగ్గరున్న బెల్టు సుషి హోటల్‌కి (సుషి ప్లేట్లు బెల్టు మీద టేబుల్ దగ్గరికి వస్తాయి) అందరం కలిసి వెళ్దామని ఆయన కోరిక. అత్తయ్యగారు పూర్తి శాకాహారి, గుడ్డు కూడా ముట్టరు. మావయ్యగారు చేప ఇష్టంగా తింటారు గానీ పచ్చిది నోట పెట్టరు. పాపకి నాలుగేళ్ళు, కారం తినదు. నాకు ఐదో నెల. మావారొక్కరే అన్నీ తింటారు.

అత్తయ్యగారికి దోసకాయ రోల్, అన్నం పెట్టిన తీపి టోఫూ సంచి (ఇనారి) సరిపోతాయని ఆఫీసులో ఎవరో చెప్పారట. నిజమేనా? అక్కడ ఆర్డర్ పద్ధతి ఎలా ఉంటుంది, బిల్లు ఎంతవుతుంది? బెల్టు హోటల్ కాకుండా పక్క సందులో తెర కట్టిన చిన్న సుషి కొట్టు ఒకటి ఉంది, అదే నయమా? తెలిసినవాళ్ళు చెప్పండి.

అరకవా గట్టు

పారిజాతం గారూ, మీ ఐదుగురికీ బెల్టు హోటలే సరైంది. అక్కడ ఎవరికి కావలసిన ప్లేటు వాళ్ళు విడివిడిగా చెప్పుకోవచ్చు. టేబుల్ దగ్గరి స్క్రీన్ మీద బొమ్మలుంటాయి, పెద్ద చైన్లలో భాష ఇంగ్లీషుకి మార్చుకోవచ్చు. పైగా పెద్ద చైన్లు చాలావరకు ఇప్పుడు వసాబి (ముక్కుకెక్కే ఘాటైన పచ్చటి ముద్ద) పెట్టకుండానే సుషి పంపిస్తాయి, కావాలన్నవాళ్ళు పొట్లం చించి వేసుకుంటారు. పాప విషయంలో ఆ బెంగ అక్కర్లేదు.

శనివారం సాయంత్రం ఆరు, ఎనిమిది మధ్య నేరుగా వెళ్తే గంటకు పైగా బెంచీ మీద కూర్చోవాల్సి వస్తుంది. ఆ చైన్ యాప్‌లో ముందే టైం తీసుకోండి. కుదరకపోతే మధ్యాహ్నం మూడింటికి వెళ్ళండి, అప్పుడు రద్దీ తక్కువ. గుమ్మం దగ్గరి మెషీన్లో పెద్దలెందరు, పిల్లలెందరు అని నొక్కాక టేబులా, కౌంటరా, ఏదైనా ఫరవాలేదా అని అడుగుతుంది. తప్పకుండా టేబుల్ అనే నొక్కండి. ‘ఏదైనా’ నొక్కితే త్వరగా పిలుస్తారు గానీ కౌంటర్ దగ్గర ఐదుగురూ వరసగా కూర్చోవాలి, పాపతో అది కష్టం. నంబర్ జపనీస్‌లో పిలుస్తారు కాబట్టి చెవుల మీద ఆధారపడకుండా తెర మీద కన్నేసి ఉంచండి. పిలిచినప్పుడు లేకపోతే తర్వాతివాళ్ళని లోపలికి పంపేస్తారు.

ఈ బెల్టు పద్ధతి 1958లో ఒసాకా పక్కన ఫుసెలో షిరాయిషి యోషియాకి అనే ఆయన పెట్టిన గెన్‌రోకు సుషి హోటల్‌తో మొదలైంది. బీరు ఫ్యాక్టరీలో సీసాలు మోసే బెల్టు చూసి ఆయనకి ఆ ఆలోచన వచ్చింది. ఇప్పుడు మాత్రం మీరు ఊహించుకున్నట్టు ప్లేట్లు గిరగిరా తిరగకపోవచ్చు. 2023 జనవరిలో ఒక కుర్రాడు సోయా సాస్ సీసా మూతి నాకిన వీడియో పాకాక చాలా చైన్లు ఊరికే ప్లేట్లు తిప్పడం మానేసి ఆర్డర్ చేసినవే పంపిస్తున్నాయి. కురా సుషి అనే చైన్లో గుండ్రటి మూతల కింద ప్లేట్లు తిరుగుతుంటాయి. అక్కడ ఖాళీ ప్లేట్లు టేబుల్ పక్కనున్న కంతలో వేయాలి, ఐదేసి ప్లేట్లకి ఒకసారి స్క్రీన్ మీద చిన్న ఆట వస్తుంది, గెలిస్తే బొమ్మ పడుతుంది. పాపకి అది నచ్చుతుంది.

మీ ప్లేట్లు వచ్చినప్పుడు స్క్రీన్ గంట కొడుతుంది. వేరే టేబుల్ కోసం వెళ్తున్న ప్లేటు ఎంత ఊరించినా తీయకూడదు. ఒకసారి చేత్తో ముట్టిన ప్లేటు తిరిగి బెల్టు మీద పెట్టకూడదు, ఇది మొదటే పాపకి చెప్పి ఉంచండి, ఆమెని బెల్టుకి ఎడంగా కూర్చోబెట్టండి. కొన్ని చోట్ల చిన్న రైలు బొమ్మ మీద ప్లేట్లు వస్తాయి. అన్నీ దించుకున్నాక బటన్ నొక్కితేగానీ అది వెనక్కి వెళ్ళదు, అది కదలకపోతే వెనకవాళ్ళ ఆర్డర్లు ఆగిపోతాయి.

ఒక్కసారే ఇరవై ప్లేట్లు చెప్పేయకండి. సాధారణంగా స్క్రీన్ ఒక విడతకి నాలుగు దాకా తీసుకుంటుంది. అంతకన్నా ముఖ్యం, సుషి ఆగితే పాడవుతుంది. అన్నం పైపొర ఎండిపోయి గట్టిపడుతుంది, నోరి (సముద్రపు నాచుతో చేసిన పల్చటి రేకు) చుట్టిన వాటిల్లో అది తేమ లాగి రబ్బరులా సాగుతుంది. మూడు, నాలుగు చెప్పడం, తినడం, మళ్ళీ చెప్పడం, ఇదే వరస.

టేబుల్ అంచున నల్ల బటన్‌తో ఒక చిన్న కుళాయి కనబడుతుంది. చేతులు కడుక్కోవడానికి అనుకుని కొత్తవాళ్ళు చెయ్యి పెడతారు. అది టీ కోసం, దాదాపు మరుగుతున్న నీళ్ళు! కప్పులో గ్రీన్ టీ పొడి అర చిన్న చెంచా వేసి, కప్పు అంచుతో ఆ బటన్‌ని లోపలికి నెడితే నీళ్ళు పడతాయి. పొడి ఎక్కువైతే చేదు. పాపకి ఆ కుళాయి అందని చోటు చూసి కూర్చోబెట్టండి. చేతులకి విడిగా తడి టిష్యూ ఇస్తారు.

ఒక ప్లేటులో మామూలుగా రెండు ముక్కలు. చవక ప్లేటు ఊరిని, కొట్టుని బట్టి సుమారు 120 నుంచి 150 యెన్లు, మంచి రకాలు 300 దాటతాయి. పెద్దవాళ్ళు ఒక్కొక్కరికి 1,500 నుంచి 2,000 అనుకోండి. అయిపోయాక స్క్రీన్ మీద బిల్లు బటన్ నొక్కి, టేబుల్ నంబర్ చీటీ తీసుకుని క్యాష్ కౌంటర్‌కి వెళ్ళడమే. టిప్పు అలవాటు లేదు. అక్కడే తింటే పన్ను 10 శాతం, పార్సిల్‌కి 8 శాతం. 2019 అక్టోబర్ నుంచి ఇదే లెక్క. ప్లేటులో మిగిలినవి మాత్రం కట్టివ్వరు.

గోదారి ఒడ్డు

అత్తయ్యగారి సంగతి విడిగా చెప్పాలి. పైకి చేప కనబడకపోయినా లోపల ఉంటుంది. చిక్కంతా దాషితోనే. ఎండబెట్టి పొగబెట్టిన బొనిటో చేపని పల్చగా చెక్కి వేడినీళ్ళలో వేసి తీసిన రసం అది. జపాన్ వంటలో మనకి చింతపండు రసం ఎంతో అదీ అంతే, దాదాపు ప్రతి ఉడికిన దాంట్లో ఉంటుంది.

ఇనారి తీసుకోండి. టోఫూని వేయించి, సోయా సాస్, చక్కెర, దాషిలో ఉడకబెట్టి, ఆ సంచిలో అన్నం కూరతారు. చూడ్డానికి ఏ దోషం లేదు, తింటే తియ్యగా బాగుంటుంది, కానీ హోటల్లో వచ్చే ఇనారిలో చేప రసం లేదనుకోవడానికి వీల్లేదు. కన్ప్యో రోల్ కూడా అంతే. కన్ప్యో అంటే ఒక రకం సొరకాయని రిబ్బన్లా తరిగి ఎండబెట్టింది, తొచిగి ప్రాంతంలో పండుతుంది. అదీ చాలాచోట్ల దాషిలోనే ఉడుకుతుంది. మిసో సూప్, ఉడాన్ రసం, చవన్‌ముషి, ఈ మూడింటినీ ఆమె వైపు రానివ్వకండి. చవన్‌ముషి అంటే ఆవిరి మీద ఉడికించిన గుడ్డు వంట, అందులో గుడ్డు కూడా ఉంది.

నత్తో రోల్‌లో పులియబెట్టిన సోయా గింజలే కదా అనుకుంటారు. ఆ నత్తోతో కలిపే సాస్‌లో బొనిటో రసం ఉంటుంది. పైగా అది జిగురు, ఘాటైన వాసన. కొత్తవాళ్ళకి, అందులోనూ పెద్దవాళ్ళకి, నేను చెప్పను. ఉమె (ఊరబెట్టిన పుల్లటి పండు) గుజ్జు కొన్ని కంపెనీలది బొనిటో కలిపి వస్తుంది. పసుపు రంగు ముల్లంగి ఊరగాయ రోల్ చాలావరకు ఫరవాలేదు గానీ ఊరబెట్టే నీళ్ళలో చేప రసం కలిపేవాళ్ళూ ఉన్నారు. మొక్కజొన్న మయోనైజ్‌లో గుడ్డు.

మరి ఏం మిగిలింది? దోసకాయ రోల్ (జపనీస్‌లో కప్పా మాకి) అన్నిటికన్నా నిక్కచ్చి: అన్నం, దోసకాయ, నోరి, నువ్వులు. అన్నంలో కలిపేది సిర్కా (వెనిగర్), చక్కెర, ఉప్పు. కొన్నిచోట్ల కొంబు అనే సముద్రపు ఆకు కూడా వేస్తారు, అదీ శాకమే. అవకాడో నిగిరి (నిగిరి అంటే చిన్న అన్నం ముద్ద మీద ముక్క పెట్టింది), పైన మయోనైజ్ వద్దని చెప్పి. ఉడికించిన ఎడమామె (లేత సోయా కాయలు). అల్లం ఊరగాయ గరి. చివర్లో పండ్లు ఉంటే పండ్లు. ఇంతే. రెండు రోల్స్, ఎడమామెతో కడుపు నిండదు కాబట్టి ఇంటి దగ్గర పెరుగన్నం తినిపించి తీసుకెళ్ళండి. బయటి తిండి లోపలికి తీసుకెళ్ళనివ్వరు, డబ్బా పట్టుకెళ్ళి ఇబ్బంది పడకండి.

ఫ్రెంచ్ ఫ్రైస్ అడుగుతారేమో. రొయ్యల టెంపురా (పిండిలో ముంచి వేయించింది) వేగిన నూనెలోనే అవీ వేగే అవకాశం ఉంది. ఆమెకి ఎంతవరకు సమ్మతమో ముందే అడగండి. దోసకాయ రోల్‌ని కూడా చేప కోసిన పలక మీదే కోయవచ్చు. ఈ సంగతి దాచకుండా చెప్పి, తినడమా మానడమా ఆమెకే వదిలేయాలి.

ఇప్పుడు అసలు చాలామంది బోల్తాపడే చోటు: అలర్జీ పట్టిక. చైన్ల వెబ్‌సైట్లలో ఏ వంటలో ఏముందో పెద్ద పట్టిక ఉంటుంది. అందులో చేప గడి ఖాళీగా ఉంది కదా అని శాకాహారం అనుకుంటారు. ఆ పట్టిక అలర్జీ కోసం ఎంచిన ముప్పై లోపు పదార్థాలకి మాత్రమే. సాల్మన్, సబా (మాకెరెల్ చేప), సాల్మన్ జన, స్క్విడ్, రొయ్య, పీత వాటిలో ఉన్నాయి. బొనిటో లేదు! కాబట్టి నిండా బొనిటో రసం పోసినా పట్టికలో ఒక్క గుర్తు కనబడదు. గుడ్డు, పాలు, గొడ్డు మాంసం, పంది, కోడి, జెలటిన్ చూసుకోవడానికి మాత్రం అది బాగా పనికొస్తుంది.

టేబుల్ మీద సీసాల దగ్గర కూడా ఆగండి. పేరుకి సోయా సాసే అయినా కొన్నిటి మీద ‘దాషి షోయు’ అని ఉంటుంది, అందులో బొనిటో కలుస్తుంది. పొంజు అనే పుల్లటి సాస్‌లోనూ ఉండొచ్చు. ఉత్త షోయు సీసా ఏదో స్టాఫ్‌ని అడిగి, అది అత్తయ్యగారి ముందు పెట్టండి.

పారిజాతం

గోదారి ఒడ్డు గారూ, ఇనారి సంగతి ముందే చెప్పి కాపాడారు, చాలా థాంక్స్. అలర్జీ పట్టిక చూసి నేను కూడా టిక్కులు పెట్టుకుంటున్నాను, ఆపేశాను. ఇంకో రెండు. మావయ్యగారికి ఉడికినవి ఏవి, పేరుని బట్టి ఎలా గుర్తుపట్టాలి? నేను పచ్చివి మానేస్తాను గానీ ట్యూనా గురించి ఒక్కొక్కరు ఒక్కో మాట అంటున్నారు.

కుంపటి

మావయ్యగారికి బోలెడున్నాయి. ఎబి అంటే ఉడికించిన రొయ్య. అదే ‘నమ ఎబి’ అయితే పచ్చిది, నమ అన్న మాట కనబడితే వదిలేయండి. అనగో, ఉనగి రెండూ మన మలుగుపాము (ఈల్) జాతి చేపలు, ఉడికించో కాల్చో తియ్యటి సాస్ పూసి ఇస్తారు. కాకినాడ మనిషికి ఇది ఖాయంగా నచ్చుతుంది. తకో అంటే ఆక్టోపస్, ఎక్కువగా ఉడికించే పెడతారు. రొయ్య టెంపురా నిగిరి, చికెన్ కరగే (వేయించిన కోడి ముక్కలు) వేడిగా వస్తాయి. ట్యూనా మయోనైజ్ చల్లగా వస్తుంది గానీ అది ఉడికిన డబ్బా ట్యూనాయే. తమగో అంటే తియ్యటి గుడ్డు అట్టు, పాపకి కూడా బాగుంటుంది.

మోసపోయేవి మూడు. ‘అబురి’ అంటే పైన మంట చూపించినది, పైపొర నల్లబడుతుంది, కొరికితే లోపల పచ్చిగానే ఉంటుంది. ‘షిమె సబా’ తెల్లబడి ఉడికినట్టు కనబడుతుంది, కానీ అది ఉప్పు, సిర్కాలో ఊరినదే, నిప్పు తగల్లేదు. ‘జుకె’ సోయా సాస్‌లో నానబెట్టిన పచ్చి చేప. ఇంకో మాట: పిల్లల కోసమని హాంబర్గ్ నిగిరి, కల్బి నిగిరి ఉంటాయి. కల్బి గొడ్డు మాంసం, హాంబర్గ్‌లో గొడ్డు, పంది రెండూ ఉండొచ్చు. మీ ఇంట్లో పట్టింపు ఉంటే బొమ్మ చూసి నొక్కేయకండి.

పారిజాతం గారూ, మీ విషయంలో రెండు వేరు వేరు భయాలున్నాయి, జనం కలిపేస్తారు. ఒకటి పచ్చిదనం. లిస్టీరియా లాంటి సూక్ష్మజీవుల వల్ల గర్భిణులకి ముప్పు. పొగబెట్టిన సాల్మన్ కూడా ఇందులోకే వస్తుంది, అది ఉడికినదని పొరబడొద్దు. రెండోది పాదరసం, అది ఉడికించినా పోదు. జపాన్ ఆరోగ్య శాఖ సూచన ప్రకారం ట్యూనాల్లో (మగురో అంటే ట్యూనా) హోన్ మగురో (కురో మగురో అన్నా అదే), మెబాచి మగురో, ఇంకా కత్తి చేప, కిన్మెదాయి అనే చేప వారానికి 80 గ్రాముల దగ్గర ఆపాలి. ఒక నిగిరి మీద చేప సుమారు 10 నుంచి 15 గ్రాములు, అంటే ముక్క సైజుని బట్టి రెండు ముక్కల ప్లేట్లు రెండు నుంచి నాలుగు. కిహద, బిన్నగ అనే ట్యూనాలకీ, డబ్బా ట్యూనాకీ, సాల్మన్, సబా, ఇవాషి (సార్డీన్), తాయ్ (సీ బ్రీమ్) చేపలకీ ఈ పరిమితి పెట్టలేదు. ఒక్కొక్కరు ఒక్కో మాట అనడానికి కారణం ఇదే, ట్యూనా అన్నది ఒకే చేప కాదు. మీరు డబ్బా ట్యూనా మయోనైజ్ రోల్, ఉడికిన రొయ్య, వేడి వేడి అనగో తినొచ్చు. మిగతాది మీ డాక్టరుగారి మాట.

అనిసాకిస్ గురించి కూడా. సబా, స్క్విడ్ లాంటి వాటిల్లో ఉండే సన్నటి తెల్ల పురుగు. తిన్న కొన్ని గంటల్లో పొట్టలో మెలిపెట్టే నొప్పి వస్తే ఆస్పత్రికి వెళ్ళాలి, ఎండోస్కోపీతో తీసేస్తారు. మైనస్ 20 డిగ్రీల్లో 24 గంటలు గడ్డకట్టిస్తే చస్తుంది, ఉడికిస్తే చస్తుంది. వసాబికి, సిర్కాకి, ఉప్పుకి చావదు. మీవారు అన్నీ తింటారన్నారు కదా, గడ్డకట్టించిన ట్యూనా, పెంపకపు సాల్మన్ అయితే ఈ బెంగ బాగా తక్కువ. అన్నట్టు సాల్మన్ నిగిరి జపాన్‌వాళ్ళ పాత అలవాటేం కాదు, 1980లలో నార్వేవాళ్ళు తమ పెంపకపు చేపని అమ్ముకోవడానికి పట్టుబట్టి తెచ్చిందే. ఇక్కడి అడవి సాల్మన్‌ని పురుగు భయంతో పచ్చిగా తినేవాళ్ళు కాదు.

అరకవా గట్టు

పక్క సందులోని చిన్న కొట్టు గురించి అడిగారు, దానికి జవాబు మిగిలిపోయింది. తెర గుమ్మానికి కట్టి ఉంటే తెరిచారని, లోపలికి తీసేస్తే మూసారని అర్థం. అలాంటి కొట్లు చక్కగా ఉంటాయి, అన్నం గోరువెచ్చగా, చేప చల్లగా, అప్పటికప్పుడు చేతితో చేసి ఇస్తారు. బెల్టు హోటల్లో మెషీన్ నొక్కిన అన్నానికీ దానికీ పోలికే లేదు. కానీ ఐదుగురితో, శాకాహారితో, పాపతో అక్కడికి వెళ్ళడం న్యాయం కాదు. పది సీట్లుంటాయి, ఒకే మాస్టర్ కోసి, చేసి, ఇవ్వాలి, దోసకాయ రోల్ తప్ప ఆమెకి పెట్టడానికి వాళ్ళ దగ్గర ఏమీ ఉండదు.

మీరూ మీవారూ వేరే రోజు మధ్యాహ్నం వెళ్ళండి. లంచ్‌కి సెట్లుంటాయి: నమి, జో, తొకుజో అని మూడు మెట్లు, నమి మామూలు, తొకుజో అన్నిటికన్నా ఖరీదు. రాత్రికన్నా మధ్యాహ్నం బాగా చవక. గోడ మీది చెక్క పలకల్లో ధర బదులు ‘జిక’ అని ఉంటే ఆ రోజు మార్కెట్ ధర, నోరు తెరిచి అడిగి చెప్పించుకోండి, అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. రాత్రిపూట అడక్కుండానే చిన్న గిన్నెలో ఏదో పెట్టి 300, 500 యెన్లు బిల్లులో వేయవచ్చు, అది ఒతోషి, మోసం కాదు. నగదు దగ్గర పెట్టుకోండి.

అక్కడ వసాబి అన్నానికీ చేపకీ మధ్య ముందే పూసేస్తారు. ఆవాల ఘాటుకీ వసాబి ఘాటుకీ కారణం ఒకే రసాయనం, ముక్కుకి ఎక్కుతుంది. వద్దంటే ‘సబినుకి దె’ అనండి. అన్నం తక్కువ కావాలంటే ‘షారి సుకునమె’. చేత్తో తిన్నా పుల్లలతో తిన్నా తప్పులేదు. ముక్కని పక్కకి వాల్చి చేప వైపు మాత్రం సోయా సాస్‌కి తాకించాలి. అన్నం వైపు ముంచితే అది సాస్ పీల్చుకుని గిన్నెలోనే విడిపోతుంది, రుచి కూడా ఉప్పు తప్ప మిగలదు. చేపజన లాంటివి నోరి గోడ కట్టి ఇస్తే వాల్చడం కుదరదు, గరి ముక్కని సాస్‌లో తడిపి పైన రాయండి. తెల్ల చేపలు ముందు, ట్యూనా తర్వాత, సబా, అనగో లాంటి జిడ్డు రకాలు ఆఖర్న తింటే ఒకదాని రుచి ఇంకోదాన్ని మింగేయదు. మీవారికి ఈ వరస చెప్పండి, తేడా ఆయనకే తెలుస్తుంది.

గోదారి ఒడ్డు

శనివారానికి పనికొచ్చే రెండు వాక్యాలు. స్టాఫ్‌ని పిలవడానికి స్క్రీన్ మీద బెల్ బటన్ ఉంటుంది, నొక్కి ‘కొరె ని కత్సువో నో దాషి వ హైత్తె ఇమస్ కా’ అని అడగండి. ఇందులో బొనిటో దాషి ఉందా అని. ‘బెజిటేరియన్’ అని మాత్రం అనకండి. మాంసం ముక్క లేకపోతే చాలనుకుని దాషి సంగతి తలచుకోకుండా ‘దైజోబు’ (ఫరవాలేదు) అనేస్తారు, అందులో వాళ్ళ తప్పు లేదు. కత్సువో పేరు పెట్టి అడిగితే వెళ్ళి వంటింట్లో కనుక్కుని వస్తారు. రద్దీ ఎక్కువుంటే ఫోన్లో ముందే జపనీస్‌లో టైపు చేసి పెట్టుకుని చూపించండి.

ఇంకొకటి, అవకాడో నిగిరి ఆర్డర్ పెట్టేటప్పుడు స్క్రీన్ మీద సాస్ తీసేసే ఆప్షన్ కొన్నిచోట్ల ఉండదు. అప్పుడు స్క్రీన్‌లో నొక్కకుండా స్టాఫ్‌తోనే ‘మయోనేజు నుకి దె’ అని చెప్పి పెట్టించండి. సాస్ వేసేశాక గీకి తినడం అత్తయ్యగారికి ఒప్పదు.

పారిజాతం

చాలా సంతోషమండీ అందరికీ. మూడున్నరకి యాప్‌లో టేబుల్ దొరికింది. ఇనారి, సూప్ కొట్టేశాను. కత్సువో వాక్యం ఫోన్లో పెట్టుకున్నాను. మావయ్యగారికి అనగో గురించి చెప్తే అప్పుడే ఎన్ని ముక్కలొస్తాయని అడుగుతున్నారు.

కుంపటి

అనగో సాధారణంగా ప్లేటుకి రెండు, కొన్ని కొట్లలో పొడుగ్గా ఒకటే పెద్ద ముక్క ఇస్తారు. దాని మీద సాస్ ముందే పూసి ఉంటుంది కాబట్టి సోయా సాస్ మళ్ళీ ముంచనివ్వకండి.